పహణీలో కనిపించని రైతు: కొన్ని అపోహలు, వాస్తవాలు

సేద్యం మగవాడిది, ఆడమనిషి చేసేది సాయం. కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో బాగా పాతుకుపోయిన అపోహ ఇది. కొత్త విత్తనం, కొత్త మందు ఏదైనా పహణీలో, అంటే భూమి రికార్డులో, పేరున్నాయనకు చెబితే చాలట. సంగతి ఇంట్లోకి దానంతటదే చేరుతుందట. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో ఆడవాళ్ళ పేరిట ఉన్న కమతాలు సుమారు 14 శాతం. పహణీ చూసి పిలిస్తే సభకు ఎవరొస్తారో వేరే చెప్పాలా!

ఈ అపోహ చేసే నష్టం చూడాలంటే పట్టుపురుగుల ఇంట్లోకి వెళ్ళాలి. గూడు కట్టేలోగా పురుగు నాలుగుసార్లు జ్వరానికి కూర్చుంటుంది, అంటే కుబుసం విడుస్తుంది. అప్పుడు ఆకు వెయ్యకూడదు, సున్నం చల్లి పడక పొడిగా ఉంచాలి. నూటికి తొంభై పైగా లేచాకే మళ్ళీ మేత. తొందరపడితే పురుగులు ఎగుడుదిగుడుగా పెరుగుతాయి. తల ఎత్తి కదలకుండా ఉన్న పురుగును చూసి జ్వరమని పోల్చుకునేది చాలా ఇళ్ళలో ఆడవాళ్ళే. ఆకు కోసేదీ, పడక శుభ్రం చేసేదీ, పండిన పురుగుల్ని ఏరి గూళ్ళు కట్టే చంద్రికల మీద వేసేదీ వాళ్ళే. గూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్‌కు తీసుకెళ్ళేది మాత్రం మగవాడు. శిక్షణకు పిలుపూ ఆయనకే. సున్నం పొడి మోతాదు విన్న చెవి ఒకరిది, చల్లే చెయ్యి ఇంకొకరిది. పంట పోతే మాత్రం తప్పు చల్లిన చేతిదే.

‘పేద రైతు మొండివాడు, కొత్త విత్తనం ముట్టడు’ అన్నది ఆ మొదటి అపోహకు తోబుట్టువు. సరిహద్దు అవతల అనంతపురంలో 1940 నాటి టిఎంవి-2 వేరుశనగ దశాబ్దాలపాటు కదల్లేదు. 2002 నుంచి మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కొత్త రకాలను రైతుల పొలాల్లోనే వేయించి, ఎంపిక వాళ్ళకు వదిలింది. బెట్టకు తట్టుకుని త్వరగా చేతికొచ్చే ఐసిజివి 91114ను వాళ్ళు మెచ్చారు; 2006లో అది ఆంధ్రప్రదేశ్‌లో విడుదలైంది. దిగుబడి ఒక్కటే తూచే చోట కాయ సులువుగా ఊడుతుందా, పీకితే మట్టిలోనే తెగిపోతుందా, కట్టె పశువు తింటుందా అన్న ప్రశ్నలకు గడి ఉండదు. కాయ కోసి, పశువుకు మేత వేసే మనిషి అడిగేవి ముందుగా అవే.

పేదల దగ్గర యంత్రాలు నిలవవన్న మాటకు బాగేపల్లి కూలి సంఘం ఇళ్ళలోని గోబర్ గ్యాస్ పొయ్యిలే జవాబు. 5,500 యూనిట్ల ఆ పథకం 2005లో ఐక్యరాజ్యసమితి స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగంలో నమోదైంది. చదువు రాదంటారా, నాలుగు రకాలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి సంతకం అక్కర్లేదు. ప్రపంచ ఆహారంలో 60–80 శాతం ఆడవాళ్ళే పండిస్తారన్న ఎదురు లెక్కకూ ఆధారం లేదు. ఆధారం లేదని 2011లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) నిపుణులే చెప్పారు.

రైతు పొలంలో చేసిన పరీక్షకు లెక్క నిలవదన్న ఆక్షేపణలో మాత్రం, ఒప్పుకోక తప్పదు, కొంత నిజముంది. ఒకరు ఎరువు వేస్తారు, ఒకరు వెయ్యరు. నేలా ఒకటి కాదు. తెగులును తట్టుకునే గుణం తేల్చడానికి పరిశోధన కేంద్రం కావాలి. అయితే రకాలను వడగట్టేముందే ఊరి ఆడవాళ్ళకు చూపించాలి, తీరా విడుదలయ్యాక కాదు.

శిక్షణ సంగతికొస్తే, బాగేపల్లిలో కాగితం కన్నడంలో ఉన్నా మాట తెలుగులో సాగాలి. పగలు పెట్టే సమావేశానికి కూలి పోతుంది, సాయంత్రం వంట వేళ. పురుగు జ్వరానికి కూర్చున్న రోజు ఆకు కోసే పని ఉండదు కనుక శిక్షణకు అదే అనువు. బయటివాళ్ళు లోపలికి వస్తే పురుగులకు రోగం అంటుకునే ప్రమాదం ఉంది, వసారాలో కూర్చుంటే సరి.