అటకెక్కిన కంప్యూటరుకు మళ్లీ ప్రాణం!

విజయవాడ: ఉయ్యూరు మొదలు అవనిగడ్డ దాకా పాత కంప్యూటరు అటక మీద పడివున్న ఇళ్లు తక్కువేం కాదు. అది పాడైందా అంటే కాదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కించుకునే అర్హత చాలా పాత యంత్రాలకు లేదు. దాంతో అవి పాత సామాన్ల బండి ఎక్కుతున్నాయి.

తూకానికి వేసేముందు ఒక్క ప్రయత్నం చేయవచ్చు. పేరు లినక్సు. ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో దీనికి శ్రీకారం చుట్టారు. డెబియన్, ఉబుంటు వంటి రకాలు ఉచితం. మన హైదరాబాదు ‘స్వేచ్ఛ’ సంస్థ కూడా డెబియన్ ఆధారంగా తెలుగులో ఆపరేటింగ్ సిస్టం తయారుచేసింది.

ఎక్కించేదెలా? నారుమడి పోలిక చాలు. పెన్‌డ్రైవు లేదా బయటి హార్డ్‌డిస్కు నారుమడి; కంప్యూటరు పొలం. మడిలో నారు పోశాకే పొలంలో నాట్లు. మడి దున్నినా, పొలం దున్నినా అందులోని పాతదంతా పోతుంది. అసలు జాగ్రత్త అక్కడే!

అందుకే పెళ్లి ఫొటోలు, పొలం కాగితాల నకళ్లు, పిల్లల సర్టిఫికెట్లు ముందుగా వేరేచోట దాచుకోవాలి. తర్వాత లినక్సు ఐఎస్ఓ ఫైలు దించుకోవాలి. 16 జీబీ డ్రైవు సాధారణంగా సరిపోతుంది. ఆ ఫైలును వూరికే కాపీ చేస్తే లాభం లేదు. రూఫస్ వంటి ప్రోగ్రాముతో డ్రైవులోకి రాయించాలి. రూఫస్ మొదట బయటి హార్డ్‌డిస్కులను చూపించదు. పొరపాటున చెరిపేస్తారేమోనని ఈ ఏర్పాటు. కావాలంటే అందుకు వున్న గడిలో టిక్కు పెట్టాలి. డ్రైవు పేరు, సైజు రెండుసార్లు చూసుకున్నాకే మీట నొక్కాలి.

డ్రైవు తగిలించి, కంప్యూటరు ఆన్ చేయగానే ఎఫ్12, ఎఫ్2, ఎస్కేప్, డిలీట్‌లలో ఒకటి నొక్కాలి. కంపెనీని బట్టి మీట మారుతుంది. వచ్చిన జాబితాలో ఆ డ్రైవును ఎంచుకోవాలి. ఉబుంటులో అయితే ఎక్కించకుండానే నడిపి చూసే వీలుంది. తెర, వైఫై, శబ్దం సరిగా వుంటేనే ముందుకు వెళ్లాలి. ‘డిస్కు మొత్తం చెరుపు’ అన్నచోట తొందరపడరాదు.

మరీ పాత 32 బిట్ల యంత్రమైతే ఒక చిక్కుంది. 2025లో వచ్చిన డెబియన్ 13 వాటికి ఇన్‌స్టాలరు ఇవ్వడం మానేసింది.

పాఠాలు చదవడానికి, ఉత్తరాలు టైపు చేయడానికి, ఇంటర్నెట్టు చూడడానికి ఇది చాలు. కొత్తది కొనే స్తోమతు లేని ఇంట్లో పిల్లల చదువుకు ఇంతకంటే ఏం కావాలి?