తాళం లేని ఇన్‌బాక్స్

నోటిఫికేషన్ పడిన రోజుల్లో బయ్యారం, మహబూబాబాద్ ఇంటర్నెట్ సెంటర్లలో ఎక్కువగా వినపడే మాట "మెయిల్ ఐడీ చెప్పు తమ్మీ". ఉద్యోగ దరఖాస్తుకే కాదు, పాత ప్రశ్నపత్రం డౌన్‌లోడ్ చేసుకోవాలన్నా ఐడీ అడిగే సైట్లున్నాయి. ఇచ్చిన మర్నాటి నుంచి ప్రకటనల బెడద. దాన్ని తప్పించుకోవడానికి వచ్చినవే తాత్కాలిక ఈమెయిల్ సేవలు: 2003లో మెయిలినేటర్, 2006లో గెరిల్లా మెయిల్.

వీటి కిటుకు ఇది: మెయిల్ పంపే సర్వర్, చిరునామాలో ఎట్ గుర్తు తర్వాత ఉన్న డొమైన్ పేరునే చూస్తుంది. ఆ డొమైన్ ఎంఎక్స్ రికార్డును బట్టి ఏ సర్వర్‌కు అందించాలో తెలుసుకుంటుంది. గుర్తుకు ముందున్న పేరు సంగతి అందుకునే సర్వర్ చూసుకోవాలి. మామూలు సర్వర్ అయితే ఆ పేరుతో ఖాతా లేదని తిప్పికొడుతుంది. మెయిలినేటర్ ఏ పేరుతో వచ్చినా పుచ్చుకుంటుంది.

ఇలాంటి మెయిల్ పెట్టెను స్క్రిప్టుతో చదవడం తేలిక. గెరిల్లా మెయిల్ ఏపీఐని చిరునామా అడిగితే, దాంతోపాటు ఒక టోకెన్ కూడా ఇస్తుంది. ఆ టోకెన్ చూపిస్తూ "కొత్తవి వచ్చాయా" అని కొన్ని సెకన్లకోసారి అడగాలి. ఊపిరాడనివ్వకుండా అడిగితే సర్వర్ మీద భారం. జాబితా జేసాన్ రూపంలో వస్తుంది. అందులోని మెయిల్ నంబరు ఇస్తే పూర్తి పాఠం చేతికొస్తుంది. గంట దాటితే ఆ మెయిల్ చెరిగిపోతుంది.

అసలు చిక్కు ఆ పాఠంలోంచి ఓటీపీని ఏరుకోవడంలో ఉంది. "వరసగా ఆరంకెలు" అని వెతికితే మెయిల్ అడుగున ఉన్న మాదాపూర్ పిన్‌కోడ్ 500081 దొరకొచ్చు. అక్షరాల రంగును తెలిపే 333333 కూడా ఆరంకెలే. అందుకే ముందు హెచ్‌టీఎంఎల్ ట్యాగులు తీసేసి, ఓటీపీ అన్న మాట పక్కనున్న అంకెలనే పట్టుకోవాలి. కొత్త యాప్‌లో రిజిస్ట్రేషన్ సరిగా జరుగుతోందో లేదో చూసే టెస్టర్లకు ఇది రోజువారీ పని, న్యాయమైన పని.

అయితే మెయిలినేటర్ ఉచిత పెట్టెకు పాస్‌వర్డ్ ఉండదు. రవి అన్న పేరుతో మీరు వాడిన పెట్టెను, అదే పేరు కొట్టిన ఎవరైనా తెరవొచ్చు. మీ స్క్రిప్టు చదివిన ఓటీపీని ఇంకొకరి స్క్రిప్టూ చదవగలదు. ఉద్యోగ దరఖాస్తుకు ఇలాంటి చిరునామా ఇస్తే, నెలల తర్వాత వచ్చే హాల్‌టికెట్ సమాచారం మీరు చూసేలోపే చెరిగిపోవచ్చు. పాస్‌వర్డ్ మర్చిపోతే మార్చుకునే లింకూ అక్కడికే పోతుంది. దయచేసి దరఖాస్తుల్లో సొంత ఐడీనే ఇవ్వండి.

ప్రకటనలే బాధ అయితే జీమెయిల్‌లో వేరే దారి ఉంది. మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి, ఆ సైటు పేరు చేర్చి ఇవ్వండి. మెయిల్ మీ పెట్టెకే వస్తుంది. ఆ చిరునామాకు ఇంకెవరైనా రాస్తే మీ ఐడీ ఏ సైటు నుంచి బయటికి పోయిందో తెలుస్తుంది.