తడబడిన అడుగు, తొలి పరిచయం



మహారాష్ట్రలో ఠాణే జిల్లాకు చెందిన భివండీ పట్టణం గురించి తెలంగాణ పల్లెల్లో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్ళిన నేత కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. పద్మనగర్ వీధుల్లో నడుస్తూ ఉంటే సాంచెల చప్పుడుతో పాటు తెలుగు మాట కూడా వినిపిస్తుంది. సాంచె అంటే మరమగ్గం. అయితే ఈవేళ నేను మాట్లాడబోయేది మగ్గాల గురించి కాదు. ఆ మగ్గాల నడుమ చదువుకునే పిల్లల మనసుల్లో తలెత్తే ఒక చిన్న విషయం గురించి.

ఒక సన్నివేశం ఊహించుకోండి. కాలేజీ కబడ్డీ జట్టులో మంచి పేరున్న కుర్రాడు. కూతకు వెళ్ళాడంటే ఒకరిద్దరినైనా తాకకుండా తిరిగి రాడు. కానీ ఆ చురుకుదనమంతా బరి గీతల మధ్యనే. గీత దాటి బయటికి వచ్చాడా, గడప తట్టుకొని పడతాడు, నీళ్ళ చెంబు తన్నేస్తాడు. "చూసుకొని నడువు బిడ్డా" అని తల్లి రోజుకు పదిసార్లు అంటుంది. ఒక సాయంత్రం తండ్రికి సాయంగా కండెల బుట్ట భుజాన పెట్టుకొని గల్లీ మలుపు తిరిగాడు. ఎదురుగా కాలేజీ నుంచి వస్తున్న ఒక అమ్మాయికి తగిలి తూలిపడ్డాడు. నాడెలో పెట్టే ఆ నూలు కండెలు నాలుగు వైపులా పొర్లిపోయాయి. అమ్మాయి పుస్తకాలు తడినేల మీద పడ్డాయి.

"దెబ్బ తాకిందా?" అని ముందు ఆమే అడిగింది.

"నాకేం కాలే. మీ పుస్తకాలు తడిసినయి" అన్నాడు అతను, కండెలను వదిలేసి పుస్తకాలు ఏరుతూ.

అంతే జరిగింది. కానీ ఆ రాత్రి ఇద్దరికీ ఆ సంగతి మళ్ళీ మళ్ళీ గుర్తుకు వచ్చింది. ఎందుకు వచ్చింది? మన పెద్దలు దీన్ని ఋణానుబంధం అంటారు. ఆ మాటను కాదనడం నా ఉద్దేశం కాదు. అయితే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నను దాదాపు వందేళ్ళుగా పరిశీలిస్తున్నారు. వారు కనుగొన్నవి కొన్ని తెలుసుకుంటే ఇటు పిల్లలకూ అటు పెద్దలకూ మేలు జరుగుతుంది.

మొదటిది సామీప్యం, అంటే దగ్గరగా ఉండటం. జేమ్స్ బొస్సార్డ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఫిలడెల్ఫియా నగరంలో వివాహ అనుమతి కోసం వచ్చిన 5,000 దరఖాస్తులు తీసుకొని, వధూవరుల చిరునామాలు పోల్చి చూశాడు. ఆ ఫలితాలు 1932లో ప్రచురించాడు. దాదాపు మూడోవంతు జంటల ఇళ్ళ మధ్య దూరం అయిదు వీధుల లోపే ఉంది. అంత పెద్ద నగరంలో కూడా మనిషి తన జోడును తన పేటలోనే వెతుక్కున్నాడన్నమాట.

మన క్రీడాకారుల్లోనే చూడండి. 2001లో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆడిన పి.వి.వి. లక్ష్మి 2002లో పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరిదీ ఒకే ఆట, ఒకే రకమైన కోర్టు, ఒకే రకమైన కష్టం. ఇక భివండీ వంటి ఊళ్ళో సామీప్యానికి కొదవేముంది? అదే నల్లా, అదే కిరాణా కొట్టు, అదే ఇరుకు గల్లీ. మన కుర్రాడూ ఆ అమ్మాయీ ఆ సాయంత్రానికి ముందు ఎన్నిసార్లు ఒకరికొకరు ఎదురుపడి ఉంటారో! మాట్లాడుకోవడానికి మాత్రం కారణం దొరకలేదు. కాలు జారడం వల్ల ఆ కారణం దొరికింది. గుర్తుంచుకోవలసిన మొదటి సంగతి ఇదే. యాదృచ్ఛికం అని మనం అనుకునేదానికి వెనక చాలా రోజుల ముఖపరిచయం ఉంటుంది.

రెండో ప్రశ్న కొంచెం విచిత్రమైనది. పడిపోయిన మనిషిని చూస్తే నవ్వు రావాలి గాని ఇష్టం ఎందుకు కలగాలి? 1966లో ఇలియట్ ఆరన్సన్, ఆయన సహచరులు అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. రేడియో వినేవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. ఎందుకంటే అక్కడ కూడా విద్యార్థులు మనిషిని చూడలేదు, టేపులో గొంతు మాత్రమే విన్నారు. క్విజ్ పోటీకి వచ్చిన ఒక అభ్యర్థి ప్రశ్నలకు జవాబులు చెబుతుంటాడు. ఒక టేపులో అతను నూటికి 92 సరిగ్గా చెబుతాడు. చదువులో మెరిక, పైగా కాలేజీ పరుగుపందేల జట్టు సభ్యుడు. ఇంకో టేపులో అభ్యర్థి నూటికి 30 మాత్రమే చెబుతాడు. జట్టులో చేరడానికి ప్రయత్నించి చోటు దొరకనివాడు. ఈ రెండు రకాల టేపుల్లోనూ కొన్నింటికి చివర ఒక చిన్న ప్రమాదం చేర్చారు. కప్పు దొర్లిన చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు, కొత్త సూటు మీద కాఫీ ఒలికిందన్న మాట.

విన్నవారికి అందరికంటే ఎక్కువగా నచ్చింది ఎవరో తెలుసా? కాఫీ ఒలకబోసుకున్న మెరిక విద్యార్థి. మరీ సమర్థుడైన మనిషి మనకు కాస్త దూరంగా, ఎత్తులో ఉన్నట్టు కనిపిస్తాడు. ఒక్కసారి కప్పు జారితే "వీడూ మనలాంటివాడే" అనిపిస్తుంది. కానీ ఈ ప్రయోగానికి ఇంకో ముఖం కూడా ఉంది. అంతంతమాత్రంగా జవాబులు చెప్పినవాడు కాఫీ ఒలకబోసుకుంటే, విన్నవారికి అతని మీద ఉన్న కాస్త ఇష్టం కూడా తగ్గింది. కాబట్టి తడబాటులో మంత్రమేమీ లేదు. మన కుర్రాడు పడినప్పుడు ఆ అమ్మాయికి నవ్వుతో పాటు ఇష్టం కలిగిందంటే, బరిలో అతని ఆట సంగతి ఆమె అంతకుముందే విని ఉండాలి.

ఒలింపిక్స్ చరిత్రలో ఇందుకు తగిన మనిషి ఒకడున్నాడు. చెకొస్లొవేకియా పరుగు వీరుడు ఎమిల్ జటోపెక్. ఆయన పరుగెత్తుతుంటే తల అటూ ఇటూ ఊగేది, ముఖం నొప్పితో విలవిలలాడుతున్నట్టు ఉండేది. అందంగా పరుగెత్తడం ఆయనకు చేతకాలేదు. అయినా 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచాడు. ఆయన భార్య డానా జావెలిన్ విసిరే క్రీడాకారిణి. ఇద్దరూ పుట్టింది ఒకే రోజు, 1922 సెప్టెంబర్ 19. పరిచయమైన కొత్తలో ఈ సంగతి బయటపడి ఇద్దరూ ఆశ్చర్యపోయారు. 1948లో పెళ్ళి చేసుకున్నారు. హెల్సింకీలో భర్త 5,000 మీటర్లు గెలిచిన రోజే భార్య జావెలిన్‌లో స్వర్ణ పతకం గెలిచింది. 2000లో ఆయన కన్నుమూసేవరకు వారి దాంపత్యం కొనసాగింది. ఒకే పుట్టినరోజు కావడం యాదృచ్ఛికం. యాభై ఏళ్ళకు పైగా కలిసి ఉండటం యాదృచ్ఛికం కాదు.

ఇక మూడో విషయం గుండె దడ. 1974లో డటన్, ఆరన్ అనే ఇద్దరు పరిశోధకులు కెనడాలో వాంకూవర్ దగ్గర చేసిన ప్రయోగం ప్రచురించారు. అక్కడ కాపిలానో అనే లోయ మీద ఊగే వేలాడే వంతెన ఉంది. పొడవు 450 అడుగులు, కింద రాళ్ళు 230 అడుగుల లోతున. ఆ వంతెన మీద మగవారిని ఒక యువతి కలిసి, కొన్ని ప్రశ్నలు అడిగి, వివరాలు కావాలంటే ఫోన్ చేయమని నంబర్ ఇచ్చింది. నంబర్ తీసుకున్న 18 మందిలో 9 మంది ఫోన్ చేశారు. గట్టిగా, ఊగకుండా ఉన్న మరో వంతెన మీద నంబర్ తీసుకున్న 16 మందిలో ఇద్దరే చేశారు. వంతెన వల్ల పుట్టిన దడను మనసు ఆ యువతి వల్ల పుట్టిన దడగా లెక్క కట్టిందని పరిశోధకులు వివరించారు. 1981లో గ్రెగరీ వైట్, ఆయన సహచరులు ఇదే విషయాన్ని పరుగుతో పరీక్షించారు. ఉన్నచోటనే రెండు నిమిషాలు పరుగెత్తినవారికి, పదిహేను సెకన్లు మాత్రమే పరుగెత్తినవారి కంటే, ఆ తరువాత వీడియోలో చూసిన అందమైన యువతి ఎక్కువగా నచ్చింది. అదే యువతి ఆకర్షణ లేకుండా కనిపించేలా తయారైతే, ఎక్కువ పరుగెత్తినవారికి ఇంకా తక్కువ నచ్చింది.

మన గల్లీ మలుపులో కూడా గుండెలు దడదడలాడాయి. ఒకరికి పడిన భయం, ఒకరికి ఉలికిపాటు. ఆ దడ కాసేపటికి తగ్గుతుంది. తగ్గాక మిగిలేది ఏమిటో చూసుకోవాలి. ఆటగాళ్ళకు ఈ సంగతి మరీ ముఖ్యం. మ్యాచ్ ముగిసిన క్షణంలో, చప్పట్ల హోరులో పుట్టిన ఇష్టాన్ని తూచి చూడాలంటే నాలుగు రోజులు ఆగాలి.

ఆగడం అంటే భివండీకి ఎంతో దూరం లేని ముంబైలో జరిగిన ఒక కథ గుర్తుకు వస్తుంది. అప్పటికి అది బొంబాయి. 1990లో ఇంగ్లండ్ పర్యటనలో మొదటి టెస్టు సెంచరీ చేసి తిరిగి వచ్చిన పదిహేడేళ్ళ సచిన్ తెండూల్కర్, విమానాశ్రయంలో తల్లి కోసం ఎదురుచూస్తున్న వైద్య విద్యార్థిని అంజలి కంట పడ్డాడు. అనుకోని చూపు. తరువాత పరిచయం, ఫోన్లు, ఉత్తరాలు. పెళ్ళి జరిగింది 1995 మే 24న. నడుమ అయిదేళ్ళు. ఎంత వేగంగా బంతి వచ్చినా బెదరని ఆ మనిషి, పెళ్ళి సంగతి రెండు వైపుల పెద్దలతో మాట్లాడే పని మాత్రం అంజలికే అప్పగించాడు. ఆ మాట తరువాత ఆయనే చెప్పుకున్నాడు. బరిలో వీరుడికి ఇంట్లో నోరు పెగలకపోవడం మన కుర్రాడి ఒక్కడి సంగతే కాదన్నమాట.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. మన సినిమాల్లో హీరో, హీరోయిన్ కాలేజీ వరండాలో ఢీకొనడం, పుస్తకాలు జారిపడటం మీరు లెక్కలేనన్ని సార్లు చూసి ఉంటారు. దాన్ని చూసి కొందరు కుర్రాళ్ళు కావాలని వెళ్ళి తగలడం మొదలుపెడతారు. పడినవాడు వేరు, పడినట్టు నటించి మీద పడేవాడు వేరు. ఆ తేడా ఆడపిల్లకు క్షణంలో తెలుస్తుంది. ఇరుకు గల్లీలో ఆమెకు తప్పుకొనే దారి ఉండదు. సాంచెల చప్పుడులో ఆమె గట్టిగా అన్న మాట కూడా నలుగురికీ వినపడదు. జరిగింది ఇంట్లో తెలిస్తే మందలింపు కుర్రాడికి, చదువు మాన్పించడం అమ్మాయికి. తప్పు ఒకరిది, నష్టం ఇంకొకరిది.

అందుకని పెద్దలకు నా మనవి. మీ అమ్మాయి ఒక కుర్రాడితో రెండు మాటలు మాట్లాడిందని తెలిసిన రోజున కాలేజీ మాన్పించకండి. ముందు ఏం జరిగిందో అడిగి వినండి. వినే పెద్దలున్న ఇంట్లో పిల్లలు దాచరు. కుర్రాళ్ళకు కూడా ఒక మాట. కాలు జారడం మీ చేతుల్లో లేదు. జారిన తరువాతి నిమిషం మీ చేతుల్లో ఉంది. ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరి వస్తువు పాడైంది అని చూశారా, లేక చుట్టూ ఎవరు నవ్వుతున్నారని చూశారా? అవతలి మనిషి మిమ్మల్ని కొలిచేది దాన్నిబట్టే.

నేతపని తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు. నడుస్తున్న సాంచె మీద పోగు తెగుతూనే ఉంటుంది. తెగినందుకు ఎవరూ పనివాడిని తప్పుపట్టరు. సాంచె ఆపి, సరైన పోగు వెతికి, ముడి వేశాడా లేదా అని మాత్రం తానులో గుడ్డ చూసినప్పుడు తెలిసిపోతుంది.

మన ఇద్దరి సంగతి మధ్యలో వదిలేశాను. మరునాడు అదే మలుపులో కుర్రాడు బుట్టతో ఎదురయ్యాడు. ఈసారి అమ్మాయిని దూరం నుంచే చూసి గోడవారగా నిలబడి దారి ఇచ్చాడు. ఆమె దాటి రెండడుగులు వేసి ఆగి, "కండెలు ఆరినయా?" అని అడిగింది.

"ఆరినయి. మీ పుస్తకాలు?"

"అట్ట ఊడింది. అంటించుకున్న" అని చెప్పి వెళ్ళిపోయింది. వారి కథ ముందుకు సాగుతుందో లేదో చెప్పడానికి అది సరిపోదు. మొదలవడానికి మాత్రం సరిపోతుంది.

సెలవు.