ముగ్గురు అన్నదమ్ములు, ఒకటే ఇంటిపేరు

నర్సీపట్నం పక్కన బాపిరాజు కొత్తపల్లి నుంచి పైకొచ్చిన అన్నదమ్ములు ముగ్గురు. ఒకరు దర్శకుడు పూరి జగన్నాథ్. ఇంకొకరు 2019 నుంచి 2024 దాకా నర్సీపట్నం ఎమ్మెల్యేగా చేసిన పెట్ల ఉమాశంకర గణేష్. మూడో ఆయన, 2004లో అన్న తీసిన ‘143’తో హీరో అయిన సాయిరాం శంకర్. సినిమా పోస్టర్లూ ఈవీఎం మీది పేర్లూ చూసి ఈ ముగ్గురూ ఎవరి తాలూకా అంటే, పొరుగూరివాడు మూడిళ్లు చూపిస్తాడు.

అసలు ఇంటిపేరు పెట్ల. ‘పూరి’ అన్నది దేవుడి పేరుతో కలిసి వచ్చిన ఊరిపేరు. మనకి ఇంటిపేరు ముందూ పెట్టిన పేరు తర్వాతా రాసే అలవాటు కదా, తెర మీద పెట్ల తీసేసేసరికి పూరి వెళ్లి ఆ స్థానంలో కూర్చుంది. 2000లో ‘బద్రి’, 2006లో ‘పోకిరి’ ఆడాక ఇక దాన్ని కదిపేవాళ్లు లేరు. కొడుకు ఆకాశ్ కూడా ఆకాశ్ పూరిగానే హీరో అయ్యాడు. 2024లో అది మార్చి ఆకాశ్ జగన్నాథ్ అన్నాడు. రెండుసార్లూ పెట్ల ఊసే లేదు.

హిందీ తెర మీద అమ్రీష్ పూరి, ఓం పూరి ఉన్నారు. వాళ్ల పూరి నిజంగానే ఇంటిపేరు, పంజాబీలది. చిత్రమేమిటంటే వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమీ కారు.

జర్మనీలో ఈ తికమక ఇంకా పెద్దది. అక్కడ అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ముల్లర్. పిండిమర ఆడించేవాడి వృత్తి నుంచి వచ్చింది. మర లేని ఊరు లేదు కాబట్టి సంబంధం లేని కుటుంబాలన్నిటికీ అదే పేరు పడింది. 1970 ప్రపంచ కప్‌లో గెర్డ్ ముల్లర్ 10 గోల్స్ కొట్టి టాప్ స్కోరర్ అయ్యాడు. సరిగ్గా 40 ఏళ్లకి, 2010లో, థామస్ ముల్లర్ 5 గోల్స్‌తో గోల్డెన్ బూట్ అందుకున్నాడు. ఆ కప్పుల్లో ఇద్దరి జెర్సీ నంబరూ 13, అప్పటికి ఇద్దరి క్లబ్బూ బయర్న్ మ్యూనిక్. చుట్టరికం మాత్రం సున్నా. రుగ్వేదాన్ని 1849 నుంచి 1874 దాకా 6 సంపుటాలుగా అచ్చువేయించిన మాక్స్ ముల్లర్‌దీ, 2009లో సాహిత్య నోబెల్ అందుకున్న హెర్టా ముల్లర్‌దీ ఇదే పేరు.

మళ్లీ నర్సీపట్నానికి వస్తే, ఇక్కడ ఓటరుకి బాగా తెలిసిన ఇంటిపేరు చింతకాయల. ఆ ఇంటి తెలుగుదేశం నేత అయ్యన్నపాత్రుడు 1983, 1985, 1994, 1999, 2004, 2014ల్లో ఇక్కడ నెగ్గారు. 2019లో ఓడింది పెట్ల వారి అబ్బాయి చేతిలోనే. ఆ ఏడాదే సొంత తమ్ముడు సన్యాసిపాత్రుడు వైఎస్సార్‌సీపీలో చేరడంతో చింతకాయల పేరు రెండు జెండాల కిందా కనిపించింది. 2024లో అన్న ఏడోసారి గెలిచి, జూన్‌లో శాసనసభ స్పీకర్ అయ్యారు.