ఉద్యోగం మారి ఉపాధ్యాయులయ్యే దారి

హైదరాబాద్ తూర్పు అంచున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాలు ఒకవైపు పారిశ్రామికవాడలకూ ఐటీ కార్యాలయాలకూ నెలవు. పక్కనే హబ్సిగూడలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ వంటి ప్రయోగశాలలున్నాయి. మరోవైపు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు, కేంద్రీయ విద్యాలయాలు, సీబీఎస్‌ఈ ప్రైవేటు బడులు కూడా ఇక్కడే ఉన్నాయి. ఇలాంటి చోట రసాయన శాస్త్రాన్ని ల్యాబులోనూ, గణితాన్ని కంప్యూటరు ముందూ ఏళ్ల తరబడి వాడినవారు దానిని పిల్లలకు చెప్పాలనుకుంటే, ఆ కోరికను చట్టం అంగీకరించే అర్హతగా మార్చుకునే దారి తెలిసి ఉండడం అవసరం.

భారతదేశంలో ఉపాధ్యాయులకు వైద్యుల మాదిరిగా రిజిస్ట్రేషన్ ఉండదు. ఎనిమిదో తరగతి వరకు బోధించాలంటే తగిన చదువు, బోధనా శిక్షణ, ఉపాధ్యాయ అర్హత పరీక్ష అనే మూడూ కలిసినప్పుడే చట్టం అంగీకరించే అర్హత ఏర్పడుతుంది. 1993 నాటి చట్టం ద్వారా ఏర్పడిన జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి, అంటే ఎన్‌సీటీఈ, శిక్షణ కోర్సుల ప్రమాణాలను నిర్ణయిస్తుంది. విద్యాహక్కు చట్టం కింద అదే సంస్థ 2010 ఆగస్టు 23న ఇచ్చిన నోటిఫికేషనుతో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు బోధించేవారికి అర్హత పరీక్ష తప్పనిసరి అయింది.

మధ్యవయసులో వృత్తి మారేవారు తరచు పొరపడేది మాస్టర్స్ డిగ్రీ ఉంటే చాలనుకోవడంలోనే. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1936లో ఎం.ఏ.టి. (మాస్టర్ ఆఫ్ ఆర్ట్స్ ఇన్ టీచింగ్) అనే కోర్సును ప్రారంభించింది. సబ్జెక్టులో పీజీ స్థాయి చదువునూ బోధనా శిక్షణనూ ఒకేచోట కలిపే ఈ పద్ధతి అక్కడ అనేక రాష్ట్రాల్లో లైసెన్సుకు ఒక దారిగా స్థిరపడింది. మన దగ్గర ఎం.ఏ. ఎడ్యుకేషన్ విద్యారంగాన్ని అధ్యయనం చేసే డిగ్రీ, ఎం.ఇడి. అనేది బోధనా శిక్షణ డిగ్రీ అయిన బి.ఇడి. పూర్తయ్యాక చదివే ఉన్నత కోర్సు. ఈ రెండింటిలో ఏదీ బి.ఇడి.కి బదులు కాదు. పీజీ 55 శాతం మార్కులతో పూర్తిచేసినవారికి మూడేళ్ల సమీకృత బి.ఇడి.-ఎం.ఇడి. కోర్సును 2014 నిబంధనలు ప్రవేశపెట్టినా, వృత్తి మారేవారికి సాధారణంగా అందుబాటులో ఉన్న దారి రెండేళ్ల బి.ఇడి. మాత్రమే.

ఎన్‌సీటీఈ ప్రమాణాల ప్రకారం డిగ్రీలోనో పీజీలోనో 50 శాతం మార్కులున్నవారు, సైన్సు, గణితం ప్రధానంగా ఇంజనీరింగులో 55 శాతం తెచ్చుకున్నవారు బి.ఇడి.లో చేరవచ్చు. తెలంగాణలో ప్రవేశానికి ఎడ్‌సెట్ రాయాలి, దీనికి గరిష్ఠ వయోపరిమితి లేదు. ఉప్పల్‌కు దగ్గరలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యా కళాశాల ఉంది. తార్నాకలోని ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో ఇంగ్లిషు బోధనకు ప్రత్యేకించిన బి.ఇడి. ఉంది.

ఈ కోర్సు అసలు విలువ తరగతి గదిలో తెలుస్తుంది. తొలి నెలల్లో జరిగే మైక్రో టీచింగ్ అంటే పాఠం మొత్తాన్ని కాక ప్రశ్నించడం, ఉదాహరణ ఇవ్వడం, బోర్డు వాడడం వంటి ఒక్క నైపుణ్యాన్ని మాత్రమే తీసుకుని, ఐదు నుంచి పది మంది సహవిద్యార్థుల ముందు ఆరు నిమిషాలు బోధించడం. తర్వాతి ఆరు నిమిషాలు వారి విమర్శ వినాలి, పన్నెండు నిమిషాల్లో పాఠాన్ని సరిదిద్దుకోవాలి, మళ్లీ ఆరు నిమిషాలు బోధించాలి, చివరి ఆరు నిమిషాలు మళ్లీ విమర్శకు. సమావేశాల్లో గంటల తరబడి మాట్లాడగల అనుభవజ్ఞులకు సైతం ఒక్క ప్రశ్న అడిగి, పిల్లవాడు జవాబు చెప్పేదాకా ఓపికగా ఆగడం ఎంత కష్టమో ఇక్కడే అర్థమవుతుంది. ఆ తరువాత మొదటి ఏడాది నాలుగు వారాలు, రెండో ఏడాది పదహారు వారాలు నిజమైన బడిలో ఇంటర్న్‌షిప్ చేయాలి. లెసన్ ప్లాన్ రాసుకోవడం, సీనియర్ ఉపాధ్యాయుల పాఠాలను పరిశీలించడం, పరీక్షపత్రాలు దిద్దడం, తల్లిదండ్రులతో మాట్లాడడం ఈ వారాల్లోనే అలవడతాయి.

అందుకే నిబంధనలు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, తరగతుల్లో 80 శాతం, ఇంటర్న్‌షిప్‌లో 90 శాతం హాజరు ఉండాలంటున్నాయి. ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో చదువుదామంటే, ఆ బి.ఇడి. ఇప్పటికే ప్రాథమిక విద్యలో శిక్షణ పొందినవారికి ఉద్దేశించింది కనుక కొత్తగా వచ్చేవారికి అది తెరిచిన తలుపు కాదు. ఈ ఇరకాటం నుంచే ‘కాలేజీకి రాకపోయినా పర్వాలేదు’ అనే బేరం పుడుతుంది. ఆ బేరంతో వచ్చే సర్టిఫికెట్ ఉద్యోగానికి పనికొచ్చినా, బోధన రాని మనిషి తరగతిలోకి వెళ్తే మొదట నష్టపోయేది పిల్లలే. రెండేళ్లు జీతం లేకుండా ఉండలేని వృత్తి నిపుణులకు స్టైపెండు గానీ, హాజరు విషయంలో రాజీ పడని సాయంకాలపు తరగతులు గానీ ప్రభుత్వం కల్పించకపోవడం ఈ వ్యవస్థలోని పెద్ద లోపం.

శిక్షణ తరువాత వచ్చే ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అంటే టెట్, 150 మార్కులకు ఉంటుంది. రాష్ట్ర టెట్‌లో ఓసీలకు 60, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం ఉత్తీర్ణత మార్కులు. 2021లో దీని చెల్లుబాటును జీవితకాలానికి పెంచారు. బి.ఇడి. చేసినవారు రాయవలసింది ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు బోధనకు సంబంధించిన రెండో పేపరు. ఎందుకంటే ప్రాథమిక తరగతులకు బి.ఇడి. అర్హత కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తేల్చింది. వయసునూ ముందే లెక్క చూసుకోవాలి. తెలంగాణలో 2024లో జరిగిన ఉపాధ్యాయ నియామక పరీక్ష డీఎస్సీకి గరిష్ఠ వయసు 46 ఏళ్లు కాగా, కేంద్రీయ విద్యాలయాల్లో రిజర్వేషను లేనివారికి గ్రాడ్యుయేట్ స్థాయి ఉపాధ్యాయ పోస్టుకు (టీజీటీ) 35, పోస్టుగ్రాడ్యుయేట్ స్థాయి పోస్టుకు (పీజీటీ) 40 ఏళ్లు. ఆ వయసు దాటినవారికి మిగిలేది ఎక్కువగా ప్రైవేటు బడులే, అక్కడి తొలి జీతం పాత ఉద్యోగపు జీతానికి సరితూగకపోవచ్చు.

పీజీ చేసినవారికి ఏడాది బి.ఇడి. ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం సూచించింది. అది అమలయ్యేలోగా కాలేజీ ఎంచుకునేవారు ఫీజు కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ పదహారు వారాల ఇంటర్న్‌షిప్ ఏ బడిలో, ఏ ఉపాధ్యాయుల పర్యవేక్షణలో జరుగుతుంది? దీనికి బడి పేరుతో సహా జవాబు చెప్పలేని కాలేజీలో చేరవద్దు.