నక్షత్రాల నడుమ సరుకు రవానా

వర్తకుని లాభమునకు మూలమేమని అడిగినచో, చౌకగా కొని ప్రియముగా అమ్ముటయే అని ఎవరైనను చెప్పుదురు. ఆ సమాధానము సగమే సత్యము. చౌకగా దొరకు చోటికిని, ప్రియముగా అమ్ముడుపోవు చోటికిని నడుమ ఒక దారి ఉన్నది. ఆ దారిలో దొంగలున్నారు. లాభములో అధిక భాగము ఆ భయమునకు చెల్లు మూల్యమే. ఈ సంగతిని ఒక కంప్యూటరు ఆట తేటతెల్లముగా చూపుచున్నది.

అంతరిక్షనౌకలో సరుకు నింపుకొని తిరుగు ఆటలు క్రొత్తవి కావు. 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అను ఇద్దరు కేంబ్రిడ్జి విద్యార్థులు రచించిన 'ఎలీట్' అను ఆటలో ఆటగాడు 100 క్రెడిట్ల మూలధనముతో వర్తకము ప్రారంభించెడివాడు. అయితే అందులో ధరలు నిర్ణయించునదియు, దారి కొట్టునదియు యంత్రమే. ఐస్‌లాండ్ రాజధాని రెక్యావిక్‌లోని సీసీపీ సంస్థ 2003 మే నెలలో విడుదల చేసిన 'ఈవ్ ఆన్‌లైన్'లో కొనువాడు, అమ్మువాడు, దోచువాడు అందరును మనుష్యులే. వేలాదిమంది ఒకే విశ్వములో సంచరించుచుందురు. అందులోని నౌకలను, ఆయుధములను చాలవరకు ఆటగాండ్రే తయారు చేయుదురు. ద్రవ్యమునకు ఇస్క్ అని పేరు. ఐస్‌లాండ్ క్రోనాకు బ్యాంకులు వాడు సంకేతాక్షరములును అవే యగుట గమనింపదగిన చమత్కారము.

ఈ విశ్వములో 7,000కు పైగా నక్షత్ర మండలములు కలవు. వానిలో అధిక భాగము ద్వారములచే కలుపబడి ఉన్నవి. జీటా అను మండలములో నాల్గవ గ్రహపు నాల్గవ చంద్రుని యొద్దనున్న కేంద్రమే సర్వ ప్రధానమైన సంత. దానిని సంతగా ఎవరును శాసించి నియమింపలేదు. అమ్మువారున్న చోటికి కొనువారు, కొనువారున్న చోటికి అమ్మువారు వచ్చి చేరగా అది పెరిగినది. జీటాలో చౌకగా దొరకు వస్తువు మారుమూల మండలమున ప్రియమగును. దళారి రుసుము, అమ్మకపు పన్ను తీసివేసిన పిమ్మట మిగులు అంతరమే రవాణాదారుని ఆశ.

ఇక దారి సంగతి. ప్రతి మండలమునకు 1.0 మొదలు క్రిందికి ఒక రక్షణాంకము కలదు. 0.5కు తగ్గని చోట్ల కాంకర్డ్ అను రక్షకదళము పని చేయును. కాని ఈ దళము దాడిని ఆపదు, దాడి చేసినవానిని తప్పక శిక్షించును. ఈ రెంటికి గల భేదమును గ్రహింపక మునిగిన వర్తకులు ఎందరో! దోపిడీగాండ్రు చవుక నౌకలలో గుంపుగా వచ్చి, రక్షకదళము చేరులోపల బరువునౌకను బ్రద్దలు చేయుదురు. తమ నౌకలు పోవుట నిశ్చయమని వారికి ముందే తెలియును. పగిలిన నౌకలోని ఒక్కొక్క సరుకు మిగులుటకు, నశించుటకు సమానావకాశము కలదు. కనుక సగటున సగము మాత్రమే చేజిక్కునని వారి లెక్క. ఉదాహరణకు దాడికి 10 కోట్ల ఇస్క్‌ల వ్యయమగుననుకొందము. నౌకలో 15 కోట్ల సరుకున్నచో వారికి దక్కునది ఏడున్నర కోట్లు. అది నష్టపు బేరము. 30 కోట్ల సరుకున్నచో 15 కోట్లు దక్కును. అప్పుడు దాడి జరుగును. వారు పరికరముతో నౌకలోని సరుకును ముందుగానే పరికింతురు కనుక దాచుటకు వీలులేదు. కావున తెలివిగల వర్తకుడు తన నౌక ఎంత మోయగలదని చూడడు, ఎంత విలువ వరకు తనను దోచుట గిట్టుబాటు కాదని చూచును. 4 లక్షల ఘనపు మీటర్లకు పైగా పట్టు బరువునౌక సగము ఖాళీగా పోవుచున్నచో అది యజమాని అలసత్వము కాకపోవచ్చును.

ఈ లెక్క తప్పిన సంఘటన 2010లో జీటాలోనే జరిగినది. ఒక ఆటగాడు ఆట చందాకు బదులుగా చెల్లు 74 ప్లెక్స్ పత్రములను కెస్ట్రెల్ అను చిన్న నౌకలో తీసికొని పోయెను. ఆనాడు ఒక్కొక్కటి 30 దినముల చందాకు సమానముగా ఉండెను. అనగా ఆరేండ్ల చందా! నౌకతోపాటు ఆ పత్రములన్నియు భస్మమైనవి. దాడి చేసినవారికి ఒక్కటియు దక్కలేదు.

సొంత సరుకు లేనివారు కిరాయికి మోయుదురు. పంపువాడు కిరాయి, గడువు, జమానతు నిర్ణయించును. సరుకు చేరనిచో మోయువాని జమానతు పంపినవానికి చెందును. (కిరాయి, రవానా, జమానతు — మూడును ఉర్దూ వలన మన బజారులోనికి వచ్చిన మాటలే. ఈ వ్యాపారమును వర్ణించుటకు మనకు క్రొత్త పదములు వెదుకవలసిన పని లేకపోయినది.) నౌకకు బీమా కలదు గాని, అందులోని సరుకునకు లేదు. అపరిచితుల నడుమ ఆ లోటును జమానతు పూరించుచున్నది. కాని అది మోయువానికే ఉచ్చు కావచ్చును. స్వల్పమైన సరుకునకు భారీ జమానతు కోరి, మంచి కిరాయి ఆశ చూపి, దారిలో తానే ఆ నౌకను కూల్చు వంచకుడు సరుకు విలువకు ఎన్నో రెట్లు పొందును. మరికొందరు తమ స్వంత కోటకు సరుకు తెమ్మని, తీరా వచ్చిన పిమ్మట లోనికి ప్రవేశము నిరాకరింతురు. గడువు తీరును, జమానతు పోవును. కిరాయి మరీ ఉదారముగా ఉన్న ఒప్పందమును అనుభవజ్ఞులు అందుకే ముట్టరు.

నిద్రమత్తు మరొక శత్రువు. స్వయంచాలక యానమున నౌక ప్రతి ద్వారమునకు కొంత దూరములో ఆగి, మిగిలిన దూరము మెల్లగా ప్రాకును. ఆ ప్రాకులాటయే దొంగలకు కావలసిన వ్యవధి. దీర్ఘ ప్రయాణమున చేతితో నడుపుట విసుగు పుట్టించును. ఆ విసుగును భరించుటకే కిరాయిలో కొంత చెల్లుచున్నదనవచ్చును.

దారికే ధర అనుటకు 2020 నాటి ఉదంతము చాలును. జీటాకును, మరొక పెద్ద సంతయైన అమార్‌కును నడుమ సురక్షిత మార్గము అప్పటివరకు 9 ద్వారములది. నియార్యా అను మండలము మీదుగా పోవునది. ఆటలో జరిగిన దండయాత్రలో ఆ మండలము ట్రిగ్లేవియనుల వశమయ్యెను. సురక్షితమైన చుట్టుదారి 40 ద్వారములు దాటినది. దగ్గరి దారి కావలెనన్నచో రక్షణ తక్కువైన మండలముల గుండా పోవలసి వచ్చెను. రెండు సంతలలోని వస్తువులు అవే, మోయు నౌకలును అవే. అయినను కిరాయిలు పెరిగినవి.