అద్దానికి ఏ రంగు వెయ్యాలి?

పోయిన ఏడాది విహారయాత్రలో మనం బెంగళూరు లాల్‌బాగ్ తోటకి వెళ్ళాం కదా. అక్కడ 1889లో కట్టిన గ్లాస్‌హౌస్ చూశాం. తిరిగొచ్చాక నేను దాని బొమ్మ వేశాను. అద్దం కదా అని గళ్ళన్నిటికీ లేత నీలం పూశాను. చూసినోళ్ళంతా "ఇదేంటిరా, చేపల తొట్టా?" అని ఒకటే నవ్వు. నాకు చాలా ఉడుకుమోత్తనం వచ్చింది. డ్రాయింగ్ సారు మాత్రం నవ్వలేదు. కంప్యూటర్ గదికి తీసుకెళ్ళి మూడు బొమ్మలు చూపించారు. ఈ వ్యాసం వాటి గురించే.

ముందు అద్దాల ఇల్లు ఎందుకు కడతారో చెప్తాను. మంచు కురిసే దేశాల్లో తాటి జాతి చెట్లు బయట బతకవు. అందుకని కమ్మీల చట్రాలకు అద్దాలు బిగించి పెద్ద ఇల్లు కడతారు. ఎండ లోపలికి వస్తుంది, వేడి బయటికి పోదు. చలికాలంలో లోపల వెచ్చబెడతారు కూడా.

జర్మనీలో బెర్లిన్, పోట్స్‌డామ్ ఊళ్ళ నడుమ హావెల్ నదిలో నెమళ్ళ దీవి ఉంది. రాజు మూడో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ 1829-31లో అక్కడ తాటి జాతి చెట్ల కోసం అలాంటి ఇల్లు కట్టించాడు. దాని లోపలి బొమ్మ వెయ్యమని కార్ల్ బ్లెఖెన్ (1798-1840) అనే చిత్రకారుడికి పని అప్పజెప్పాడు. ఆయన 1832-34లో నూనెరంగులతో వేశాడు. ఆ ఇల్లు 1880లో కాలిపోయింది. బొమ్మలు మిగిలాయి. ఒకటి బెర్లిన్‌లో, ఇంకొకటి అమెరికాలోని చికాగోలో ఉన్నాయి.

ఆ బొమ్మలో నేను అద్దం కోసం వెతికాను. అద్దం రంగు అంటూ ఏదీ కనిపించలేదు! సారు చెప్పింది ఏంటంటే, అద్దానికి సొంత రంగు లేదు. అది లోపలికి పంపిన ఎండ ఎక్కడ పడిందో అది వెయ్యాలి. బ్లెఖెన్ అదే చేశాడు. ఎండ తగిలినచోట పసుపు, బంగారు రంగు. తగలనిచోట ముదురు గోధుమ, నల్లటి ఆకుపచ్చ. మనుషుల్ని చిన్నగా వేశాడు, అందుకే చెట్లు అంత ఎత్తుగా అనిపిస్తాయి.

ఆకుపచ్చ సంగతి మనకి ఒకరు చెప్పక్కర్లేదు. జీలుగు చెట్టు కింద నిలబడి పైకి చూడండి. ఎండ ఆకులోంచి దూరి వస్తే లేత పసుపు పచ్చగా ఉంటది. అదే ఆకుని గట్టు మీద నుంచి చూస్తే పైన మెరుపుతో తెల్లగా, కొంచెం నీలంగా ఉంటది. ఆకు ఒకటే, రంగులు రెండు. నేను మాత్రం డబ్బాలో ఉన్న ఒక్క ఆకుపచ్చే పూసేశాను.

ఆ బొమ్మలో నాకు నచ్చనిది కూడా ఒకటి ఉంది. చెట్ల కింద తివాచీ మీద తూర్పు దేశాల బట్టలేసుకున్న ఆడవాళ్ళు తీరిగ్గా వాలి ఉంటారు. బ్లెఖెన్ ఇటలీ దాకా వెళ్ళాడు గానీ మన దేశానికి ఎప్పుడూ రాలేదు. చెట్లని కళ్ళతో చూసి వేశాడు, కాబట్టి అవి నిజంగా ఉన్నాయి. ఆ ఆడవాళ్ళని ఊహించుకుని వేశాడు. చెట్ల నీడన మా అమ్మ పడుకోగా నేను చూడలేదు, అడ్డాకుల మోపుతో వస్తుంటే చూశాను. మా ఊరు వచ్చిన టూరిస్టులు మా తాతని విల్లు పట్టుకుని నిలబడమని ఫొటో తీశారు. తాత దగ్గర విల్లే లేదు, పక్కింట్లో అడిగి తెచ్చారు. ఈ బొమ్మ చూస్తే అది గుర్తొచ్చింది.

రెండోది ఫ్రాన్సు చిత్రకారుడు మానే 1879లో వేసిన బొమ్మ. బెంచీ మీద ఒకామె, వెనక వంగి ఒకాయన, వాళ్ళ వెనక అంతా దట్టంగా ఆకులు. ఒక్క అద్దం కూడా వెయ్యలేదు. అయినా అద్దాల ఇల్లే అని తెలుస్తుంది. కుండీలు, బెంచీ, వాళ్ళ మంచి బట్టలు చూస్తే అది అడవి కాదని అర్థమైపోతుంది.

మూడోది మన రంగుల డబ్బాకి దగ్గర, నీటిరంగుల బొమ్మ. ఇంగ్లాండుకు చెందిన ఎరిక్ రవీలియస్ 1935లో వేశాడు. నడుమ దారి, రెండు పక్కలా పూలకుండీల వరసలు, పైన టమాటా తీగలు. మనుషులు లేరు. దగ్గర కుండీలు పెద్దవి, పోనుపోను చిన్నవి, గీతలన్నీ దూరంగా ఉన్న తలుపు వైపుకే పోతాయి. మనం కూడా ఆ దారిన నడిచి పోవాలనిపిస్తది. నూనెరంగుల్లో వెలుగుని చివర్లో ముదురు మీద పెట్టొచ్చు. నీటిరంగుల్లో కుదరదు. వెలుగు కావాల్సినచోట కాగితాన్ని తెల్లగానే వదిలెయ్యాలి. నీలం పూసి నేను చెడగొట్టుకుంది ఆ తెలుపునే.

నా రెండో బొమ్మ ఈ కాగితం కిందే అతికించాను. ముందు పెన్సిల్‌తో కమ్మీలు గీశాను, దగ్గరవి లావుగా, దూరంవి సన్నగా. అద్దాలకి రంగు వెయ్యలేదు. నేల మీద కమ్మీల నీడలు వేశాను. ఆకులకి నాలుగు రకాల ఆకుపచ్చ కలిపాను. కుడిపక్క మూల కొంచెం తడి ఎక్కువై పాకింది, అది మాత్రం చూడొద్దు. చేపల తొట్టి అన్న 9వ తరగతి వాళ్ళు తప్పకుండా వచ్చి చూడగలరు.